రోసారియో కస్తెయానోస్: జీవితము, రచనలు

(సంఘ సాహిత్య సభలో చేసిన ప్రసంగపు పాఠము)



స్పానిషు భాషా రచయితలలో ఒకరిని గూర్చి మాటలాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. స్పానిషు రచయితలనగానే మనవారికి జ్ఞప్తికి వచ్చు పేర్లు రెండు మూడు కలవు. పాబ్లో నెరూడాను మనవారు చాలకాలముగా ఎరుగుదురు. గార్సియా మార్కెస్ పేరు వినని పఠితలు నేడు అరుదు. నేను వారిరువురను విడిచి, మెక్సికో దేశపు కవయిత్రియు నవలాకారిణియు అగు రోసారియో కస్తెయానోస్‌ను ఎన్నుకొంటిని. ఆమె జన్మించి 2025 మే నెలకు నూరేండ్లు నిండినవి. అది యొక కారణము. రెండవ కారణము ముఖ్యమైనది. ఒకే యూరిలో రెండు మూడు భాషలవారు ప్రక్కప్రక్కన బ్రతుకుచున్నప్పుడు, ఎవరు ఎవరితో ఏ భాషలో మాటలాడవచ్చును, ఎవరికి ఏ భాష నిషిద్ధము అను ప్రశ్న ఆమె నవలలలో మొదటినుండి తుదివరకు వినబడుచుండును. తరతరములుగా పరభాషా ప్రాంతములలో కాపురమున్న మన కుటుంబములకు ఈ ప్రశ్న అపరిచితము కాదు.

అయినను మొదటనే ఒక మాట చెప్పవలెను. ఈమె మనవలె అల్పసంఖ్యాక భాషను మాటలాడిన యింట పుట్టలేదు. ప్రభువుల భాషను మాటలాడిన యింట, భూస్వాముల యింట పుట్టెను. బలవంతుల పక్షమున పుట్టి, తన వారి దోషమును తన కలముతో తానే వ్రాసికొన్న స్త్రీ యామె. ఆమె చరిత్రలోని విశేషమంతయు ఇందే యున్నదని నా యభిప్రాయము.

మెక్సికోకు దక్షిణపు కొనలో, గ్వాటెమాలా సరిహద్దు నానుకొని, చియాపాస్ అను రాష్ట్రము కలదు. స్పెయిను పరిపాలనాకాలమున ఈ సీమ గ్వాటెమాలా పాలనలో చేరియుండెను. 1824లో మెక్సికోలో కలిసెను. సరిహద్దు గీత యిటునుండి అటు జరిగినది, మనుష్యులు మాత్రము ఉన్నచోటనే యుండిరి. (ఇట్టి అనుభవము మన సభలో చాలమందికి తాతల నాటినుండి తెలిసినదే.) అచటి కొండలలో మాయా వంశపు ఆదివాసులు త్సోత్సిల్, త్సెల్తాల్, తొహొలబాల్ మొదలగు భాషలను మాటలాడుదురు. ఊళ్లలోని దొరలు, వర్తకులు, అధికారులు స్పానిషు మాటలాడుదురు. అచట వారు దానిని కస్తీయా అనియు అందురు. ఆదివాసులను ఆ దేశమున ‘ఇండియనులు’ అనుట కద్దు. అది కొలంబసు చేసిన పొరపాటు గనుక, మన సభలో గందరగోళము కలుగకుండ నేను ఆదివాసులనియే వ్యవహరింతును.

రోసారియో 1925 మే 25వ తేదీన మెక్సికో నగరమున జన్మించెను. పెరిగినది మాత్రము చియాపాస్‌లోని కోమితాన్ అను చిన్న పట్టణమున. తండ్రి సేసార్ కస్తెయానోస్‌కు విస్తారమైన పొలములు, చెరకు తోటలు ఉండెడివి. ఆ పొలములలో ఆదివాసులు తరతరములుగా పని చేయుచుండిరి. వారు నివసించుటకు గుడిసెయు, సాగుచేసికొనుటకు చిన్న చెక్కయు దొర యిచ్చును; దానికి ప్రతిగా వారు వారములో కొన్ని దినములు కూలి లేక దొర పొలమున పని చేయవలెను. మన పెద్దలు వెట్టి యని చెప్పినది అట్టిదే. పిల్లను పెంచుటకు ఇంట ఒక ఆదివాసి దాది యుండెను. ఇదిగాక, యజమాని బిడ్డకు ఆటతోడుగా ఒక ఆదివాసి బాలికను తెచ్చి యింట నుంచు ఆచారమును ఉండెను. రోసారియోకును అట్టి తోడు ఏర్పడినది. ఈ బాలికను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. చివరకు మరల ఆమె ప్రస్తావన వచ్చును.

రోసారియోకు తనకంటె చిన్నవాడగు తమ్ముడొకడుండెను. ఒకనాడు తల్లి స్నేహితురాలొకతె వచ్చి, ఈ యింటి బిడ్డలిద్దరిలో ఒకరు మరణింతురని తనకు దర్శనమైనదని చెప్పెను. తల్లి దిగ్గున లేచి, కొడుకు మాత్రము కాకూడదని కేకవేసెను. కూతురు అచటనే యుండి వినెను. కొంతకాలమునకు ఆ బాలుడే ఆంత్రపు వ్యాధితో మరణించెను. తల్లిదండ్రులు దుఃఖములో మునిగి, మిగిలిన బిడ్డను కన్నెత్తి చూచుట మానిరి. ఈ సంగతిని ఆమె పెద్దయైన పిదప తానే చెప్పుకొనెను. ఆ కేక ఆమె చెవిలో జీవితాంతము మ్రోగుచుండెననుటకు ఆమె గ్రంథములే సాక్ష్యము. స్త్రీల స్థితిని గూర్చి ఆమె తరువాత వ్రాసినదంతయు చదువునపుడు నాకు ఆ యింటి వసారాయే కన్నులకు కట్టును.

1934 నుండి 1940 వరకు మెక్సికో అధ్యక్షుడుగా నున్న లాసారో కార్దెనాస్ పెద్ద కమతములను విడదీసి రైతులకు పంచెను. కస్తెయానోస్ కుటుంబము భూములను చాలవరకు కోల్పోయినది. 1941లో వారు కోమితాన్ విడిచి రాజధానికి చేరిరి. అమ్మాయికి అప్పుడు పదునారేండ్లు. రాజధానిలో ఆమె జాతీయ విశ్వవిద్యాలయమున చేరి, తత్త్వశాస్త్రమును అభ్యసించెను. అచటి సహాధ్యాయులలో మన చియాపాస్ కవి హైమె సబీనెస్ (మన యనుట అలవాటుపై వచ్చినది, క్షమింపుడు), కవయిత్రి దొలోరెస్ కాస్త్రో, నికరాగువా కవి ఎర్నెస్తో కార్దెనాల్ మొదలగువారుండిరి. 1948లో కొద్దివారముల వ్యవధిలో తల్లియు తండ్రియు గతించిరి. అదే సంవత్సరమున ఆమె మొదటి కవితలు పుస్తకరూపమున వెలువడెను. 1950లో ఆమె సమర్పించిన సిద్ధాంతగ్రంథపు విషయము స్త్రీలకు ప్రత్యేకమైన సంస్కృతి యనునది కలదా యనునది. గంభీరమైన తత్త్వశాస్త్ర పరిభాష నడుమ వెక్కిరింపును దాచిపెట్టిన రచన యది. పిమ్మట విద్యార్థివేతనముపై దొలోరెస్ కాస్త్రోతో కలిసి స్పెయినుకు వెళ్లి, ఒక సంవత్సరము మద్రిదులో చదువుకొనెను.

తిరిగి వచ్చి ఆమె చేసిన పని ఆమె వర్గమువారికి వింతగా తోచియుండును. రాజధానిలో ఉద్యోగము చూచికొనుటకు మారుగా చియాపాస్‌కే పోయెను. నడుమ క్షయవ్యాధి సోకి చాలకాలము మంచముపై నుండెను. ఆ కాలముననే టాల్‌స్టాయ్, తోమస్ మాన్ మొదలగువారిని చదివెనని చెప్పుదురు. తల్లిదండ్రుల వలన తనకు సంక్రమించిన భూమిని దానిని సాగుచేయుచున్న ఆదివాసులకే యిచ్చివేసెననియు చెప్పుదురు. 1956, 57 సంవత్సరములలో సాన్ క్రిస్తోబల్ పట్టణమున జాతీయ ఆదివాసి సంస్థ వారి కేంద్రములో ఉద్యోగము చేసెను.

ఆ ఉద్యోగమేమో వినుడు. బొమ్మలాట! సంస్థవారు పెతుల్ అను బొమ్మను కథానాయకునిగా చేసి ఒక నాటకబృందమును నడపుచుండిరి. పెతుల్ అనగా త్సోత్సిల్ భాషలో పేద్రో యను పేరు. ఇవి మన తోలుబొమ్మలవలె తెరవెనుక నీడలాడునవి కావు; చేతికి తొడిగి ఆడించునవి. రోసారియో స్పానిషులో చిన్న చిన్న నాటికలు వ్రాసెడిది. ఆదివాసి యువకులు వానిని త్సోత్సిల్, త్సెల్తాల్ భాషలలోనికి మార్చి, సమయమునకు తగినట్లు మాటలు కల్పించి ఆడెడివారు. టీకాలు వేయించుకొనుడని, నీళ్లు కాచి త్రాగుడని, పిల్లలను బడికి పంపుడని పెతుల్ చెప్పుచుండును. బృందము గుఱ్ఱములపై, కంచరగాడిదలపై కొండదారులలో పల్లెపల్లెకు తిరిగెడిది. ఆ పల్లెవారు పెతుల్‌తో ఊరివానితో మాటలాడినట్లు మాటలాడుచుండిరి. తమ బిడ్డకు జ్ఞానస్నానపు తండ్రిగా నుండుమని ఆ బొమ్మను అడిగినవారును ఉండిరి. వైద్యుడు ఆరునెలలు వచ్చి స్పానిషులో చెప్పినను నమ్మనివారు, గుడ్డబొమ్మ తమ మాటలో చెప్పగా నమ్మిరి. (మన ఆంధ్రదేశమున తోలుబొమ్మలాడించు ఆరె కుటుంబములవారు ఇంట మరాఠీ మాటలాడుచు, తెరముందు చక్కని తెలుగు పద్యములు పాడుట మీరెరుగుదురు. భాషల వ్యవహారము లోకములో ఎచటను సూటిగా నుండదు.)

ఆమె ప్రఖ్యాతికి మూలమైన మొదటి నవల 1957లో వెలువడినది. పేరు ‘బలూన్ కనాన్’. అది స్పానిషు మాట కాదు, మాయా భాషలోని మాట. తొమ్మిది నక్షత్రములని కొందరు, తొమ్మండుగురు రక్షకులని కొందరు అర్థము చెప్పుదురు, కోమితాన్‌కు పూర్వనామమది. స్పానిషు నవలకు ఓడిపోయినవారి భాషలో పేరు పెట్టుట నాడు సామాన్యమైన సాహసము కాదు.

నవల మూడు భాగములుగా నున్నది. మొదటి భాగమును మూడవ భాగమును ఏడేండ్ల బాలిక చెప్పును. నవల పూర్తియగువరకును ఆ పిల్ల పేరేమో మనకు తెలియదు. తమ్ముని పేరు మరియో యని తెలియును. వంశము వానిది గనుక. ఈ పిల్లకు లోకమును పరిచయము చేయునది తల్లికాదు, దాది. దేవతలు మట్టితో, కొయ్యతో, బంగారముతో మనుష్యులను చేసి చూచి, చివరకు మాంసముతో చేసిన కథ దాది చెప్పును. ఒకనాడు దాది తన కాలిమీది పుండును చూపి, దొరలను ప్రేమించినందుకు తన వారు చేతబడి చేసిరని చెప్పును. మమ్ము ప్రేమించుట పాపమా యని పిల్ల అడుగును. ఆజ్ఞాపించువారిని ప్రేమించుట పాపమే యని దాది సమాధానము. ఏడేండ్ల పిల్లకు ఆ మాట అర్థమగునా? కాదు. చదువరికి మాత్రము ఆ పుట దాటి పోవుట కష్టము.

రెండవ భాగము పొలములో, చక్తహాల్ అను కమతములో జరుగును. ప్రభుత్వము క్రొత్త శాసనము చేసినది: ఐదు కుటుంబములకు మించి ఆదివాసులు పనిచేయు ప్రతి కమతమునందును యజమాని బడి పెట్టించి, ఉపాధ్యాయునికి జీతమియ్యవలెను. దొర సేసార్‌కు ఇది గిట్టదు. కాని శాసనమును ధిక్కరించిన భూమి పోవును. ఉపాయము పన్నును. తన అన్నకు అక్రమసంతానమైన ఎర్నెస్తో యను కుఱ్ఱవానిని ఉపాధ్యాయునిగా తెచ్చి నిలుపును. వానికి త్సెల్తాల్ ఒక్క మాటయు రాదు. బడి తెరచిన దినమున పిల్లలు బల్లలపై కూర్చుండిరి. ఎర్నెస్తో చేతికి దొరికిన ఒక పంచాంగమును తెరచి, చంద్రగ్రహణములు, విత్తనములు చల్లు దినములు, మందుల ప్రకటనలు గడగడ చదివెను. పిల్లలు కదలక మెదలక ఆలకించిరి. దొర తృప్తిచెందెను: శాసనము నెరవేరినది.

ఈ దృశ్యమును నేను ఎన్నిసారులు చదివితినో చెప్పలేను. దీనిలో ఒక్క వాదమును లేదు, ఒక్క ఉపన్యాసమును లేదు. మన దేశమున 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప ప్రతి రాష్ట్రము యత్నింపవలెనని చెప్పుచున్నది. వసతి యని కాగితముపై వ్రాయుటకును, బల్లపై కూర్చున్న పిల్లవానికి గురువు మాట తెలియుటకును నడుమ ఎంత దూరమున్నదో సర్కారు లెక్కల నడిగిన తెలియదు; పంచాంగము చదివిన ఎర్నెస్తోను అడుగవలెను. పాపము, అతడును దుర్మార్గుడు కాడు. తనకు రాని పనికి నియమింపబడి, సిగ్గుతో త్రాగుడు మరిగి, ఒకనాడు ఒక పిల్లవానిని కొట్టును. అచటినుండి చెరకుతోట తగులబడుటయు, ఎర్నెస్తో తుపాకిగుండుకు బలియగుటయు వరకు కథ ఆగక పోవును.

ఆ బడిని అడిగినవాడు ఫెలిపె అను ఆదివాసి. అతడు పనికి దూరదేశము పోయి చదువను వ్రాయను నేర్చెను, అధ్యక్షుడు కార్దెనాస్‌ను కన్నులార చూచెను. అతడు దొర యెదుట నిలిచి స్పానిషులో మాటలాడును. ఇంటివారికి కోపము తెప్పించినది అతడడిగిన బడికంటె, అడిగిన భాషయే. ఆదివాసి నోట స్పానిషు వచ్చుట గర్వమని, సమానుడనని చూపుకొనుటయని వారి భావము. ఇందలి మెలిక గమనింపుడు. దొరలు ఆదివాసుల భాషను తక్కువగా చూతురు. వారు తమ భాషను నేర్చిన పొగరనుకొందురు. అనగా వాని నోట ఏ భాష వచ్చినను తప్పే. చాల సంవత్సరముల తరువాత వ్రాసిన ఒక వ్యాసమున ఆమె ఈ విషయమునే, భాష ఆధిపత్యమునకు సాధనమైన తీరును, చారిత్రకముగా విమర్శించెను. వ్యాసము మంచిదే. నవలలోని ఆ పుటకు సాటిరాదు.

మూడవ భాగమున మరియో మరణించును. దాదిని అంతకుముందే వెళ్లగొట్టుదురు. కొంతకాలమునకు ఆ పిల్ల వీథిలో ఒక ఆదివాసి స్త్రీని చూచి, తన దాదియే యని పరుగెత్తును. దగ్గరకు పోగా, ఆమె కాదు. ఒకవేళ ఆమెయే యెదురైనను తాను గుర్తింపజాలనని, ఆదివాసులందరి ముఖము ఒకటియేగదా యని పిల్ల అనుకొనును. తన్ను పెంచిన తల్లి ముఖమును మరపించుట, అదియే ఆ సమాజము ఆ పిల్లకు నేర్పిన మొదటి పాఠము. రచయిత్రి ఇచట పిల్లను రక్షించుటకు ప్రయత్నింపలేదు. పిల్లకు తన బాల్యమునిచ్చిన రచయిత్రి, తన్నును తాను రక్షించుకొనలేదు. పిమ్మట ఆ బాలిక యింటికి వచ్చి, పెన్సిలు తీసికొని, గోడలమీద, ఇటుకలమీద తమ్ముని పేరు వ్రాయుచు కూర్చుండును.

రెండవ నవల 1962లో వచ్చినది. ‘ఒఫీసియో దె తినియెబ్లాస్’ అనగా క్రైస్తవులు ఈస్టరుకు ముందు వారమున, దీపముల నొక్కటొక్కటిగా ఆర్పుచు చేయు చీకటి ప్రార్థన. 1867 నుండి 1870 వరకు చియాపాస్‌లో త్సోత్సిల్ ఆదివాసులు చేసిన తిరుగుబాటును ఆమె కార్దెనాస్ కాలమునకు, అనగా తన బాల్యమునకు, జరిపి వ్రాసెను. బిడ్డలు లేక బాధపడు కతలీనా యను మంత్రగత్తె యందు నాయిక. నిర్మాణమున ఇది మొదటి నవలకంటె పెద్దది, గట్టిది. సోర్ హువానా పేరిట గల బహుమతిని పొందినది. ఇందు గుడ్ ఫ్రైడే దినమున ఆదివాసులు ఒక బాలుని సిలువవేయు ఘట్టము కలదు. ఆ కథ తిరుగుబాటును అణచిన పక్షమువారు వ్రాసిన చరిత్రలనుండి వచ్చినది. తరువాతి చరిత్రకారులు అట్టి సంఘటన జరిగెననుటకు నమ్మదగిన ఆధారము లేదని వాదించిరి. ఇంత జాగ్రత్తగల రచయిత్రియు తన వర్గమువారి కాగితములనే ప్రమాణముగా గ్రహించెను. ఇది ఆమె లోపమే. ఓడినవారు త్సోత్సిల్‌లో చెప్పుకొన్నది కాగితముపైకి ఎక్కలేదు, ఎక్కినదే ఆమెకు దొరికినది. ఆమెను నిందించుటకు నాకు మనసొప్పదు, విడిచిపెట్టుటకును ఒప్పదు.

నడుమ 1960లో ‘సియుదాద్ రెయాల్’ అను కథల సంపుటికి విల్యౌరూతియా బహుమానము లభించెను. విమర్శకులు ఆమెను ఆదివాసి సాహిత్యకారిణి యని పిలుచుచుండగా ఆమె అంగీకరించెడిది కాదు. ఆదివాసులు రహస్యమయులును, కవితామయులును అని వ్రాయువారిపై ఆమెకు విసుగు. వారు ఘోరదారిద్ర్యములో బ్రతుకు మనుష్యులు, తక్కిన మనుష్యులవలె మంచియు చెడ్డయు గలవారని ఆమె చెప్పుచుండెను.

ఇక కవిత్వము. కాలము తక్కువ గనుక దీనిని గూర్చి సంక్షేపముగా చెప్పుదును. తొలినాటి పద్యములు గంభీరములు, పూర్వకావ్యముల ఛాయ గలవి. త్యజింపబడిన రాణి దీదో విలాపమును గూర్చిన దీర్ఘకవిత వానిలో ప్రసిద్ధము. క్రమముగా ఆమె పద్యము బరువు దించుకొనెను. వంటిల్లు, నిద్రమాత్రలు, బిడ్డ, బజారు, నెలసరి లెక్కలు కవితలోనికి వచ్చెను. 1972లో వెలువడిన సమగ్ర కవితాసంపుటికి ఆమె పెట్టిన పేరునకు ‘కవిత్వము నీవు కావు’ అని యర్థము. స్పెయిను కవి బెక్కెర్ 19వ శతాబ్దమున ప్రియురాలినే కవిత్వమని పొగడెను. ఆ ప్రసిద్ధ పద్యమునకు ఇది యొక స్త్రీ యిచ్చిన బదులు. 1973 నాటి వ్యాససంపుటి పేరును అట్టిదే. లాటిను నేర్చిన స్త్రీకి మగడును దొరకడు, మంచి గతియు కలుగదని స్పానిషు సామెత. ఆమె ఆ సామెతలో మొదటి సగమును మాత్రము పుస్తకమునకు పేరుగా పెట్టి, రెండవ సగమును పాఠకులకు విడిచెను. 1968 అక్టోబరు 2న మెక్సికో నగరమున త్లతెలోల్కో చౌకులో విద్యార్థులపై కాల్పులు జరిగిన పిమ్మట ఆమె వ్రాసిన కవితను, ఎలేనా పొనియతోవ్‌స్కా 1971లో ప్రకటించిన సాక్ష్యసంకలనములో చేర్చిరి.

1958లో తత్త్వశాస్త్రాచార్యుడు రికార్దో గెర్రాను వివాహమాడెను. 1961లో కుమారుడు కలిగెను. కాపురము సుఖవంతము కాలేదు. కొన్ని సంవత్సరములకు విడిపోయిరి. భర్తకు ఆమె వ్రాసిన లేఖలు మరణానంతరము 1994లో అచ్చుపడినవి. ఆ లేఖలు చదువుటకు నాకు సంకోచము కలిగినది గనుక వానిని గూర్చి చెప్పను. 1960 నుండి 1966 వరకు జాతీయ విశ్వవిద్యాలయపు సమాచార శాఖను నిర్వహించెను. విద్యార్థుల ఆందోళనలో కులపతి పదవి కోల్పోగా, తానును ఉద్యోగము విడిచి, అమెరికా విశ్వవిద్యాలయములలో కొంతకాలము బోధించెను. ‘ఎక్సెల్సియోర్’ పత్రికలో 1963 నుండి తుదివరకు వ్యాసములు వ్రాయుచు వచ్చెను.

1971లో ప్రభుత్వము ఆమెను ఇస్రాయేలునకు రాయబారిగా నియమించెను. అచటినుండి పంపిన ఒక పత్రికావ్యాసమున ఆమె వెనుకటి సంగతి యొకటి చెప్పెను. చిన్ననాటి ఆటతోడు, ఆ ఆదివాసి బాలిక, జ్ఞాపకమున్నదికదా? పెద్దయైన పిదపను ఆమె ఈ కుటుంబమును విడువలేదు. మొదట తల్లికి, తరువాత రోసారియోకు పరిచారికగా నుండెను. ఏండ్లు గడచెను. రోసారియోకు వివాహమైన పిదప ఆమె వేరొక యింట పనికి కుదిరెను. ఆ యింటి యజమానురాలు గెర్‌ట్రూడ్ డుబీ అను స్విట్జర్లండు స్త్రీ. చియాపాస్ అడవులను, ఆదివాసులను ఛాయాచిత్రములలో లోకమునకు చూపినది. ఇన్ని యేండ్లు ఆ యింట నుండియు ఈమెకు చదువను వ్రాయను ఎవ్వరును నేర్పకపోవుట యెట్లని ఆమె ఆశ్చర్యపడెను. కొండలు గుట్టలు ఎక్కి బొమ్మలచేత అక్షరమహిమ చెప్పించుచు తిరిగిన తాను, తన ప్రక్కనున్న మనిషికి ఒక్క అక్షరము నేర్పలేదని రోసారియో పత్రికలో అచ్చువేయించి ఒప్పుకొనెను. తన్ను తాను ఎగతాళి చేసికొనుచు వ్రాసెను, ఏడ్చుచు వ్రాయలేదు.

మిత్రులారా, ఈ వ్యాసము చదివిననాడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరక కూర్చుంటిని. మన యిండ్లలో తెలుగు నిలుపుకొన్నామని మనము చెప్పుకొనుచుందుము. మన యింట పనిచేయువారి బిడ్డ ఏ భాషలో చదువుచున్నదో, అసలు చదువుచున్నదో లేదో, నాకు ఆ దినమువరకు తెలియదు. అడిగి తెలిసికొంటిని. ఆ సంగతి యిచట అనవసరము.

1974 ఆగస్టు 7వ తేదీన తెల్ అవీవ్‌లోని నివాసమున దీపమునుండి విద్యుత్తు తాకి రోసారియో కస్తెయానోస్ మరణించెను. ఏబదియేండ్లు నిండలేదు. మృతదేహమును స్వదేశమునకు తెచ్చి, మెక్సికో నగరమున దేశప్రముఖుల సమాధిస్థలమున ప్రభుత్వ లాంఛనములతో ఖననము చేసిరి. ఆమె వ్రాసిన హాస్యనాటకము ‘ఎల్ ఎతెర్నో ఫెమెనీనో’ 1975లో వెలువడెను.

ఆమె పోయిన ఇరువది యేండ్లకు, 1994 జనవరి 1వ తేదీన, ఆమె బొమ్మలాట ఆడిన సాన్ క్రిస్తోబల్ పట్టణమును త్సోత్సిల్, త్సెల్తాల్, తొహొలబాల్ రైతులు తుపాకులు పట్టి ఆక్రమించిరి. ఆ వార్త విని ఆమె నవలలను మరల తెరచినవారు చాలమంది. 2003లో మెక్సికో ప్రభుత్వము చేసిన శాసనము ఆదివాసి భాషలను స్పానిషుతోపాటు జాతీయభాషలుగా గుర్తించినది. వాని సంఖ్య 68 అని అధికారుల జాబితా. త్సోత్సిల్, త్సెల్తాల్ భాషలలో నేడు కవులు, కథకులు తామే వ్రాయుచున్నారు. వారి తరపున వేరొకరు స్పానిషులో వ్రాయవలసిన కాలము గడచినది.

‘బలూన్ కనాన్’ను ఐరీన్ నికల్సన్ 1959లో ఆంగ్లమునకు అనువదించిరి, ‘ది నైన్ గార్డియన్స్’ అని దాని పేరు. రెండవ నవలను ఎస్తెర్ ఆలెన్ 1996లో ‘ది బుక్ ఆఫ్ లామెంటేషన్స్’ అను పేర ఆంగ్లీకరించిరి. ఈ రెంటిని మన సంఘ గ్రంథాలయమునకు తెప్పింపవలసినదని కార్యదర్శిగారికి విన్నవించుకొనుచున్నాను. సభ్యులలో ఎవరైన మొదటి నవలను తెలుగు చేయ పూనుకొన్న యెడల, దాది చెప్పు కథల భాగముతో ప్రారంభింపుడని నా మనవి. ఆ మాటలు తెలుగున సుళువుగా ఒదుగును. పంచాంగపు ఘట్టమును మాత్రము నాకు విడువుడు. దానిని నేను సగము వ్రాసియున్నాను.